మాట రావాలి, పాట రాకూడదు

ఆ వేసవిలో మా ఇంట్లో అలారంతో పని లేకపోయింది. తెల్లవారకముందే మావయ్య గుమ్మం దగ్గర బూట్ల లేసులు బిగిస్తూ గొంతు సవరించుకునేవారు. ఆ చప్పుడు విన్నాక కూడా పడుకోగల మొనగాడు మా ఇంట్లో మా ఆయన ఒక్కడే. అత్తయ్య అప్పటికే చెప్పులేసుకుని సిద్ధంగా ఉండేవారు. నేను ఒక కన్ను మూసుకునే జుట్టు ముడేసుకుంటూ వాళ్ళ వెనక బయల్దేరేదాన్ని.

నాది అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోయి పక్కవాళ్ళ తప్పులు వెతకడమే పని. ఆ ఏడు ఎండలు మొదలవుతుండగా నడుము పట్టేసి మంచం దిగలేకపోయాను. మావయ్య వచ్చి నా మంచం పక్కన నిలబడి, "అమ్మాయ్, నడుము నెమ్మదించగానే నువ్వు నా వెనక నడుస్తున్నావు" అన్నారు. అది సలహా కాదు, ఉత్తర్వు.

మావయ్య హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేశారు. రిటైరై ఏళ్ళు గడిచినా జనం నోట ఆయన ఇంకా డ్రిల్లు మాస్టారే. పొద్దున్నే ఆ స్కూలు గ్రౌండులో ఆయన ముందు, మిగతా అందరం వెనక. మందుల షాపాయన, లెక్కల టీచరమ్మ, మా వీధి చివర దర్జీ, ఇంకా కొందరు. వీళ్ళలో చాలామంది చిన్నప్పుడు ఆయన వేసిన శిక్షకి ఎండలో నిలబడ్డవాళ్ళే. ఇప్పుడు తలలు నెరిసినా, మనవల్ని ఎత్తుకున్నా, గ్రౌండులో అడుగు పెట్టగానే వరసలోకి వచ్చేసేవాళ్ళు. మాస్టారిని దాటి వెళ్ళకూడదన్న నియమం ఎవరూ పెట్టలేదు. ఎవరూ దాటలేదు, అంతే. అత్తయ్య స్థానం ఆయన వెనక సరిగ్గా మొదటిది. అత్తయ్య వెనక నేను.

మావయ్య నడుస్తూనే పాఠం చెప్పేవారు. వెనక్కి తిరక్కుండా, గాలికి చెప్పినట్టు చెప్పేవారు.

"పిల్లలకి నడక రాదు. గెంతడం, పరిగెత్తడం, పడిపోవడం, ఇవే వచ్చు. పెళ్ళీడుకి వచ్చేసరికి నడక కుదురుతుంది. నలభై దాటితే మనిషి కాళ్ళతో నడవడు, బరువుతో నడుస్తాడు."

"అరవై దాటితేనో మాస్టారూ?" అని మందుల షాపాయన వెనకనుంచి అందించేవాడు. ఎన్నిసార్లు విన్నా అడిగేవాడు.

"అడుగు పొట్టిదవుతుంది. అవనీ. ఆ పొట్టి అడుగే గబగబా వెయ్యి. అడుగు తగ్గినా ఊపు తగ్గకూడదు."

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇంకొకటుండేది. గుండెకి పనికొచ్చే నడకని గుర్తుపట్టడానికి గడియారాలూ మిషన్లూ అక్కర్లేదనేవారు. "నడుస్తున్నప్పుడు నోట మాట రావాలి, పాట రాకూడదు. మాట కూడా రాకపోతే ఎక్కువైపోయినట్టు, తగ్గించు. పాట వస్తోందంటే మాత్రం నువ్వు నడవట్లేదు, ఊరేగుతున్నావు."

నిజం చెప్పాలంటే ఆ వేసవిలో నడక భలే హాయిగా ఉండేది. నడుమునొప్పి మనిషిని, నాకే ఆయాసం రాలేదు. మాస్టారి పద్ధతి గొప్పదని ఆఫీసులో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

అలాంటి రోజుల్లో అత్తయ్యని పరీక్షలకి తీసుకెళ్ళాం. కాగితాలు చూసిన డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ కళ్ళజోడు తీసిందంటే చివాట్లు సిద్ధమైనట్టే.

"షుగరు పెరిగింది. బీపీ కూడా. గుండెకి కసరత్తు లేదని తెలుస్తూనే ఉంది. నడవమన్నాను కదండీ."

"రోజూ నడుస్తున్నానమ్మా" అన్నారు అత్తయ్య.

"ఎలా నడుస్తున్నారు?"

అత్తయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మా ఆయన వెనకాల" అన్నారు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఒంటికి చెమట పట్టాలి. ఊపిరి కాస్త బరువెక్కాలి. అలా నడవకపోతే నడిచినట్టు కాదు. వానలు మొదలయ్యేలోపు మళ్ళీ చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇక ఇంజక్షన్లే. గుండె సంగతి మాత్రం నేను హామీ ఇవ్వలేను."

ఇంటికొచ్చి ఈ మాట చెప్పేసరికి మావయ్య ముఖం ముడుచుకుపోయింది. ఊళ్ళో అందరి గుండెలూ ఆయన చేతిమీదుగా బాగుపడుతుంటే సొంత ఇంట్లో ఇలా జరగడం ఆయనకి తలవంపులుగా తోచింది.

"వెనకపడి అడుగు దొంగిలిస్తున్నావన్నమాట" అన్నారు అత్తయ్యతో. "రేపట్నుంచి నా అడుగులో అడుగు వెయ్యి. నేను చూస్తాను నీ షుగరు ఎందుకు దిగదో."

"అలాగే" అన్నారు అత్తయ్య, కందిపప్పు డబ్బా మూత బిగిస్తూ. ఆవిడ నోట నాకు ఎక్కువగా వినబడే మాట అదే.

ఆ వారంలోనే ఒకనాడు సాయంత్రం అత్తయ్యా నేనూ కూరగాయలకి వెళ్ళాం. మార్కెట్టు మూసేస్తారేమోనని ఆవిడ తొందరపడ్డారు. వీధి మలుపు తిరగ్గానే చూస్తే అత్తయ్య నాకంటే చాలా ముందున్నారు. సంచీ చంకలో పెట్టి, తల కొంచెం ముందుకి వంచి, సైకిలు వాళ్ళని కూడా పక్కకి తప్పుకోమన్నట్టు వెళ్తున్నారు. నేను దాదాపు పరిగెత్తాను. అందుకోవడానికి నానా తిప్పలు పడి, "అత్తయ్యా" అని పిలవబోతే మాట రాలేదు. మాస్టారి లెక్కప్రకారం ఆగిపోవాల్సిన స్థితి నాది. ఆవిడకి మాత్రం పైపెదవి మీద కాస్త చెమట పట్టింది, అంతే.

"ఈ నడక ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?" అన్నాను, టమాటాల బుట్ట పట్టుకుని నిలదొక్కుకుంటూ.

"మెత్తటివి ఏరకు, గట్టివి తీసుకో" అన్నారు ఆవిడ.

తిరిగొచ్చేటప్పుడూ అదే జోరు. మా ఇంటి గేటు కనబడగానే మాత్రం ఆవిడ అడుగు దానంతటదే నెమ్మదించింది. వరండాలో మావయ్య కూర్చుని ఉన్నారు.

తప్పులు పట్టడం నా వృత్తి అని చెప్పాను కదా. అయినా కళ్ళముందున్న తప్పు ఇంకా దొరకలేదు. అచ్చులో అయితే ఇలాంటివి ఎప్పుడూ పెద్ద అక్షరాల్లోనే ఉంటాయి. చిన్న అక్షరాలు కళ్ళు చిట్లించి చదువుతాం కాబట్టి పట్టేస్తాం, శీర్షికలో తప్పు మాత్రం దర్జాగా అచ్చైపోతుంది.

మర్నాడు గ్రౌండులో నా వెనక లెక్కల టీచరమ్మ కూనిరాగం తీస్తోంది. ఆవిడ రోజూ తీస్తుంది. దర్జీ ఆ రాగం అందుకున్నాడు. మందుల షాపాయన గొంతు విప్పి ఒక పాత పాట చరణం మొత్తం, ఎక్కడా ఊపిరి తెగకుండా పాడేశాడు. "ఏం గొంతు నాయనా" అని అందరూ మెచ్చుకున్నారు. నాకు ఉన్నట్టుండి మాస్టారి పాఠం గుర్తొచ్చింది.

అందరం ఊరేగుతున్నాం.

అప్పుడు మొదటిసారి అత్తయ్య భుజం పక్కనుంచి తొంగిచూసి మావయ్య కాళ్ళు చూశాను. కుడికాలు ఎప్పటిలాగే లేచి పడుతోంది. ఎడమకాలు లేవట్లేదు. మడమ నేలని రాసుకుంటూ, ఇసుకమీద చిన్న గీత గీసుకుంటూ వెళ్తోంది. కుడిచెయ్యి ఊగుతోంది. ఎడమచెయ్యి తనది కానట్టు పక్కన వేలాడుతోంది. ఆయన వేగం ఎంత పడిపోయిందంటే, మా వరస మొత్తం ఒకరి అడుగుమీద ఒకరు పడకుండా పొట్టి అడుగులు వేస్తోంది. ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? మాకు కొలబద్ద మాస్టారే. ఆయన తగ్గితే మేమూ తగ్గాం, అదే సరైన నడక అనుకున్నాం.

తల తిప్పేసరికి అత్తయ్య నన్నే చూస్తున్నారు. ఇంటికొచ్చాక వంటింట్లో గిన్నెలు తుడుస్తున్నప్పుడు అడిగాను.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"చలి తగ్గినప్పట్నుంచి. ముందు బూటు అరిగిందనుకున్నాను. కొత్త బూట్లు కొనిపించాను. అదే చప్పుడు."

"మావయ్యకి తెలుసా?"

"తెలిస్తే ఇంత దర్జాగా ముందు నడుస్తారా?"

"మరి చెప్పొచ్చు కదా. డాక్టరుకి చూపించొచ్చు కదా."

ఆవిడ గిన్నె బోర్లించి చేతులు తుడుచుకున్నారు. "చెప్పాలనే అనుకుంటాను. పొద్దున్నే ఆయన లేసులు కట్టుకుంటుంటే చూస్తాను కదా, నోరు పెగలదు. ఈ ఊరంతా ఆయన్ని చూసి నడక నేర్చుకుంది. ఆయనకి నడక రావట్లేదని నేను చెప్పనా?"

"మీ ఒంటి సంగతో? డాక్టరమ్మ ఏమందో విన్నారుగా."

"నా ఒంటికి మందులున్నాయి. నేను ఆయన్ని దాటి ఒక్కడుగు వేస్తే ఆయనకి అంతా తెలిసిపోతుంది. అది నావల్ల కాదు."

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. ఇద్దరిలో ఎవరిమీద కోపమో తేల్చుకోలేకపోయాను. ఆయన్ని కాపాడుతూ ఈవిడ తన గుండెని పణంగా పెడుతున్నారు. ఆ సంగతి తెలియని ఆయన, అడుగు దొంగిలిస్తున్నావని ఈవిడనే దెప్పుతున్నారు. మా ఆయనతో చెప్పాను.

"నాన్నకి నేను చెప్పలేను. చిన్నప్పుడు ఆయన క్లాసులో నేనూ ఎండలో నిలబడ్డాను. నువ్వు కోడలివి కదా, నీ మాట వింటారు."

"ఆహా. మంచి పనులన్నీ కొడుక్కి, ఇలాంటివి కోడలికి" అన్నాను. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. మొనగాడని ముందే చెప్పాను.

మాటల్లో చెప్పడం నాకూ చేతకాలేదు. రెండు రోజులు వాక్యం కూర్చుకున్నాను. ఎలా రాసినా కొట్టెయ్యాల్సొచ్చింది. "మావయ్యా, మీరు మెల్లగా నడుస్తున్నారు" అన్న నాలుగు ముక్కలు ఏ వరసలో పెట్టినా చెంపదెబ్బలాగే ఉన్నాయి. చివరికి ఆయన భాషలోనే చెప్పాలని నిశ్చయించుకున్నాను.

ఆ ఉదయం గ్రౌండులో సగం చుట్టు తిరిగాక నేను పాడడం మొదలుపెట్టాను.

నా గొంతు ఎలాంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా చిన్నది కూడా ఊయల్లో ఉన్నప్పుడు నా పాట ఆపించడానికే త్వరగా నిద్రపోయేదని మా ఆయన అంటాడు. ఆ జోలపాటే అందుకున్నాను. దీర్ఘాలన్నీ సాగదీస్తూ, ఊపిరి ఎంత మిగిలిందో తెలిసేలా పాడాను. వెనక టీచరమ్మ కిసుక్కున నవ్వింది. మావయ్య వీపు నవ్వలేదు. ఆయన మెడ కొంచెం బిగుసుకుంది.

అడుగు పెంచారు. ఎడమకాలు గట్టిగా రాసుకుంది. నేను పాడుతూనే ఉన్నాను. ఇంకా పెంచారు, లేదా పెంచాననుకున్నారు. రెండో చరణం కూడా నాకు ఆయాసం లేకుండానే వచ్చేసింది. అత్తయ్య చెయ్యి వెనక్కి చాచి నా మణికట్టు పట్టుకున్నారు. గోళ్ళు దిగాయి. ఆపెయ్యాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను.

మావయ్య ఆగారు.

వెనక్కి తిరగలేదు. మెల్లగా పక్కకి నడిచి సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. ఎడమ బూటు లేసు చూసుకున్నారు. అది ఊడిపోలేదు.

"కానివ్వండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. మాస్టారు కూర్చుంటే నడవడమెలాగో ఎవరికీ తెలియదు.

"కానివ్వండి అన్నానుగా."

మందుల షాపాయన తన చేతులకేసి చూసుకుంటున్నాడు. అత్తయ్య వెళ్ళి మావయ్య పక్కన కూర్చున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చినట్టు గేటువైపు వెళ్ళిపోయారు.

తరవాత కొన్నాళ్ళు మా ఇంట్లో ఎవరూ గొంతు సవరించుకోలేదు. అత్తయ్య నాతో ముక్తసరిగా మాట్లాడేవారు. "ఉప్పు ఇటు ఇవ్వు", "తలుపు వెయ్యి", అంతకంటే ఎక్కువ లేదు. మావయ్య గ్రౌండుకి వెళ్ళడం మానేశారు. అందరూ పనుల్లో పడ్డాక వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచేవారు. బూట్లు విప్పేసి, వట్టి కాళ్ళతో, తల ఒక పక్కకి వంచి తన అడుగు తనే వింటూ నడిచేవారు. సెలవులు కావడంతో మా చిన్నది ఆయన వెనక గెంతుతూ తిరిగేది. దాన్ని కూడా ఏమీ అనేవారు కాదు.

నేను చేసింది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. అయినా అన్నం సహించేది కాదు.

ఒక ఆదివారం నేను వరండాలో ప్రూఫులు ముందేసుకుని కూర్చుంటే మావయ్య వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కున్నారు.

"అమ్మాయ్, నా ఎడమకాలు చప్పుడు చేస్తోందా?"

"చేస్తోంది మావయ్యా."

"చెయ్యి?"

"ఊగట్లేదు."

ఆయన తన ఎడమచేతిని కుడిచేత్తో తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నా క్లాసులో ఎవడైనా ఇలా నడిస్తే మొదటి రోజే పట్టేసేవాణ్ణి. మీ అత్తయ్యకి తెలుసా?"

"మీకంటే ముందే తెలుసు."

"అందుకేనా ఆవిడ షుగరు దిగనిది?"

అవునన్నట్టు తల దించుకున్నాను. ఆయన లేచి లోపలికి వెళ్ళారు. వంటింట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తలుపు దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాను. బయటికొచ్చినప్పుడు అత్తయ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి, "కాఫీ తాగుతావా?" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

డాక్టరమ్మ ఆయన్ని నరాల డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన మావయ్యని ఆస్పత్రి వరండాలో ఆ చివరిదాకా నడిపించి, వెనక్కి తిరగమని, మళ్ళీ నడిపించాడు. వేళ్ళు ఆడించమన్నాడు. తరవాత మమ్మల్ని కూర్చోబెట్టి పార్కిన్సన్స్ అని చెప్పాడు. పూర్తిగా పోదనీ, మందులతో అదుపులో ఉంటుందనీ, మొదట్లోనే వచ్చారు కాబట్టి చాలా ఏళ్ళు బాగానే తిరగొచ్చనీ చెప్పాడు.

"నడక మానెయ్యాలా?" అని మావయ్య అడిగారు. ఆయన అడిగింది అదొక్కటే.

"అస్సలు మానొద్దు. మీ వేగంలో మీరు నడవండి. ఇంకెవరితోనూ పోటీ వద్దు, ఎవరినీ మీతో కట్టేసుకోవద్దు."

చివరి మాట డాక్టరు మామూలుగానే అన్నాడు. మావయ్య మాత్రం ఆటోలో ఇంటికొచ్చేదాకా అత్తయ్య కాళ్ళకేసే చూస్తూ కూర్చున్నారు.

స్కూళ్ళు తెరవడానికి కాస్త ముందు, ఆకాశం మబ్బు పట్టిన ఒక తెల్లవారుజామున, మళ్ళీ గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్న చప్పుడు వినబడింది. ముగ్గురం గ్రౌండుకి వెళ్ళాం. అందరూ అప్పటికే చేరారు. మాస్టారిని చూసి గబగబా వరసలో నిలబడ్డారు, ఆయన కోసం ముందు చోటు వదిలిపెట్టి.

మావయ్య అక్కడికి వెళ్ళలేదు. "ఏమోయ్, నువ్వెళ్ళు" అన్నారు అత్తయ్యతో.

"ఎక్కడికి?"

"ముందుకి."

అత్తయ్య కంగారుపడ్డారు. "నేనా? నాకు ముందు నడవడం తెలీదండీ. దారి కూడా..."

"గ్రౌండు గుండ్రంగా ఉంది. ఎక్కడికి తప్పిపోతావు? నడు."

వరసలో ఎవరో నవ్వారు. అత్తయ్య నాకేసి చూశారు. నేను తల ఊపాను. ఆవిడ వెళ్ళి ముందు నిలబడి, మొదలుపెట్టారు. నాలుగడుగులేసి వెనక్కి చూశారు. మళ్ళీ నాలుగడుగులేసి చూశారు.

"వెనక్కి చూడకు" అని మావయ్య కేకేశారు. ఆ గొంతు పాతదే. లెక్కల టీచరమ్మ కూడా ఉలిక్కిపడి మెడ సరిచేసుకుంది.

అత్తయ్య ఇక చూడలేదు. మలుపు దాటేసరికి మార్కెట్టుకి వెళ్ళేటప్పటి నడక వచ్చేసింది. తల ముందుకి వంగింది, చేతులు ఊగాయి, వెనక వరస చెదిరింది. మందుల షాపాయన పాట సంగతి దేవుడెరుగు, నోట మాట లేక ఒక చెయ్యి నడుం మీద వేసుకుని ఈడ్చుకుంటూ వస్తున్నాడు. దర్జీ నిలబడిపోయి మోకాళ్ళు పట్టుకున్నాడు.

మావయ్యా, ఆయన చెయ్యి పట్టుకుని నేనూ మెల్లగా మా నడక మేము నడుస్తున్నాం. అడుగు వేసే ముందు ఎడమకాలు ఎత్తాలని ఆయన తనకి తనే లోపల చెప్పుకుంటున్నట్టు పెదవులు కదిలేవి. కొంచెం దూరం వెళ్ళాక ఆగి, గ్రౌండు అవతలివైపు అత్తయ్యని చూశారు. కళ్ళు చిట్లించి చూశారు. ఆయన అలా చూశారంటే భుజం వంకరో మడమ వంకరో చెప్పడానికే.

"ఏం తప్పు చేస్తున్నారు మావయ్యా?"

"ఏం లేదు."

చూపు ఆవిడ మీదే ఉంచి మళ్ళీ అన్నారు. "పెళ్ళయిన రోజునుంచీ నా వెనకే నడిచింది. మీ అత్తయ్య నడక నేనెప్పుడూ చూడలేదమ్మా."

నేను ఆయన ముఖంలోకి చూడలేదు. ఆయనకి అది ఇష్టముండదు.

అత్తయ్య చుట్టు తిరిగి మా వెనకవైపునుంచి వస్తున్నారు. ఆ చెప్పుల చప్పుడు గబగబా దగ్గరైంది. మాకు కాస్త దూరంలో ఉండగా నెమ్మదించడం మొదలైంది. అలవాటు కొద్దీ ఆవిడ ఆయన వెనక తన చోట్లోకి వచ్చేస్తున్నారు.

మావయ్య నా చెయ్యి వదిలించుకున్నారు. ఎడమకాలు జాగ్రత్తగా ఎత్తి పక్కన గడ్డిమీద పెట్టి, దాని పక్కన రెండో కాలూ పెట్టి, ఆవిడకి దారిచ్చి నిలబడ్డారు.

"ఆగకు" అన్నారు.

అత్తయ్య ఆగలేదు.